ఎనిమిది వరసల కొండ

మా దీవిలో పిల్లనిచ్చే ముందు మామగారు కాబోయే అల్లుడి టోపీ అడుగుతాడు. అది ఆ పిల్లాడు తన చేత్తో అల్లుకున్నదై ఉండాలి. దాన్ని తిరగేసి గిన్నెలా పట్టుకుని నీళ్ళు పోస్తారు. నీళ్ళు నిలిస్తే సంబంధం నిలిచినట్టు. కారితే ఆ అబ్బాయి ఇంటికి పోయి మళ్ళీ అల్లుకోవాలి, లేదా ఆశ వదులుకోవాలి. ఇది ఎవరు పెట్టిన ఆచారమో నాకు తెలియదు. బైబిల్లో ఉందా అని ఒకసారి మా ఫాదరుగారిని అడిగాను. "బైబిల్లో టోపీల సంగతే లేదు సెల్సో," అని నవ్వి ఊరుకున్నారు.

ఆ ఏడాది జూన్ మొదటివారంలో మా ఇంటికి రెండు వచ్చాయి. ఒకటి సిల్వానో టోపీ. రెండోది సరస్సు అవతలి పూనో పట్నం రేవు నుంచి ఒక కాగితం.

సిల్వానో టోపీ కారింది. కారడమంటే చెమ్మ దిగడం కాదు, నా కాళ్ళ మీద ధారగా పడింది. మా అమ్మాయి దెల్ఫీనా గోడవైపు తిరిగింది. వాకిట్లో కూర్చుని దారం వడుకుతున్న మా అత్త, నా భార్య తల్లి తెయొదోసియా, తలెత్తకుండా అంది. "వానొచ్చిందర్రా. మంచులో ఆరేసిన దుంపలు లోపల పెట్టండి."

సిల్వానో రెండేళ్ళుగా పూనోలో ఒక ఏజెన్సీ పడవ మీద పని చేస్తున్నాడు. యాత్రికుల ముందు నిలబడి దీవుల గురించి చెప్పడం అతని పని. తలమీద ఏజెన్సీ వాళ్ళిచ్చిన నీలం రంగు క్యాపు. పెళ్ళికాని మా కుర్రాళ్ళు పెట్టుకునే ఎరుపు తెలుపు అల్లిక టోపీ అతని తలమీద చూసి చాలాకాలమైంది.

"పడవ ఊగుతుంటే అల్లాను మామా. కుట్లు వదులయ్యాయి," అన్నాడు.

"మామా అనడానికి ఇంకా టైముంది," అన్నాను. తడిసిన టోపీ అతని చేతిలో పెట్టాను. అతను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక కాగితం సంగతి. మా తకీలే దీవిలో పదవులు వంతుల మీద వస్తాయి. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. ఆ ఏడు పడవ వంతు నాది. ఊరందరికీ కలిపి ఒకటే పెద్ద పడవ. పొద్దున్న ఏడున్నరకి పూనో రేవులో మొదటి గుంజ దగ్గర బయల్దేరి, మా అల్లికలూ నేతలూ చూడవచ్చిన వాళ్ళను తీసుకొస్తుంది. మా నాన్నల కాలం నుంచీ ఆ వేళ మాదే, ఆ గుంజా మాదే. కాగితం ఏం చెప్పిందంటే, ఒక్కరోజులో దీవులు చూపించి తిరిగి తెచ్చే ప్రతి పడవా తన ప్రయాణం ప్లాను గంటలు, నిమిషాలతో రాసివ్వాలి. రాసినట్టే ఒకసారి నడిపి, సాయంత్రం ఐదింటికల్లా రేవుకు తిరిగి వచ్చి చూపించాలి. జూలైలో సంతియాగో పండగలోపు చూపించలేకపోతే ఆ వేళ వేరేవాళ్ళకి పోతుంది.

వేరేవాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. సిల్వానో యజమాని దొన్ ఔరేలియో అర్జీ పెట్టేశాడు.

పొద్దుటి వేళ పోతే మాకు మిగిలేది మధ్యాహ్నం. మధ్యాహ్నం తర్వాత సరస్సు మీద గాలి లేస్తుంది. ఆ గాలిలో మూడు గంటలు ప్రయాణం చేసి ఒక్కరోజులో వచ్చిపోదామని ఎవరూ అనుకోరు. అందరూ ఔరేలియో పడవల్లోనే వస్తారు, ఔరేలియో చెప్పిన చోటే తింటారు, అల్లుతున్న మగవాళ్ళను నాలుగు ఫొటోలు తీసుకుని పోతారు. మేం మా కొండ మీదే బొమ్మల్లా కూర్చోవాలి.

ఆదివారం పూజయ్యాక కొండ మీది ఊరి చౌకులో అందరం చేరాం. నేను కాగితం చదువుతుంటే మగవాళ్ళు అల్లుతూ విన్నారు. మా దీవిలో సైకిల్ అన్నదే లేదు, కానీ ఇంటింటా సైకిల్ చువ్వలుంటాయి, సన్నటి అల్లిక సూదులకి. చదవడం అయ్యేసరికి సూదుల చప్పుడు ఆగింది.

"మన సరస్సు మీద మనం తిరగడానికి పరీక్షా?" అన్నాడొక పెద్దాయన.

"పరీక్షే. రాద్దాం," అన్నాను.

నా స్పానిష్ రాత అంతంతమాత్రం. రాసిపెట్టడానికి సిల్వానో వచ్చాడు, పిలవకుండానే. టోపీ కారిన ఇంటికి మళ్ళీ రావడానికి ధైర్యం కావాలి. నేను చెబుతుంటే అతను రాశాడు. ఏడున్నరకి రేవు. ఎనిమిదికి రెల్లు దీవులు, అక్కడి ఆడవాళ్ళ రెల్లు అల్లిక చూపించడం. పదకొండుంబావుకి తకీలే. రేవు నుంచి చౌకుకి మెట్లెక్కడం ఇరవై నిమిషాలు.

అతని పెన్ను ఆగింది. "ఇరవై నిమిషాల్లో ఎక్కలేరేమో అయ్యా."

"నేను బస్తా వేసుకుని ఎక్కుతాను. ఎనభై ఏళ్ళ మా అత్త ఎక్కుతుంది. వాళ్ళకేం?"

అతను నా మొహం చూశాడు. టోపీ కారినవాడికి నా ఇంట్లో ఎదురుచెప్పే హక్కెక్కడిది? ఇరవై అని రాశాడు.

జూన్ ఆఖర్లో నడిపాం. రెల్లు దీవుల దాకా అంతా గడియారంలా సాగింది. మా రేవులో దిగాక, ఐదువందల నలభై మెట్లున్నాయి, అక్కడ ఆగిపోయింది. యాభయ్యో మెట్టు దగ్గర ఒకాయన కూర్చున్నాడు. వందో మెట్టు దగ్గర ఆరుగురు. ఒకావిడ పెదవులు ఎత్తుకి ఊపిరందక నీలంగా మారితే మూన్యా ఆకు నలిపి వాసన చూపించి మాలో ఇద్దరం చెరో రెక్కా పట్టుకున్నాం. ఆఖరి మనిషి చౌకు చేరేసరికి ఒంటిగంట. భోజనానికి వండిన చేపలు చల్లారిపోయాయి, చప్పరించి వదిలేశారు. దిగేటప్పటికి గాలి లేచింది. పూనో చేరేసరికి పొద్దు వాలింది. రేవు అధికారి గడియారం చూసి, మా ప్లాను పక్కన ఒకే ముక్క రాశాడు. జరగలేదు.

దొన్ ఔరేలియో గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. "మేకలకి రాసిన ప్లాను మనుషులకి పెట్టావేంటి సెల్సో?"

"ఇంకొక్క అవకాశం ఉంది," అన్నాడు అధికారి. "పండగలోపు. ఈసారి నేనే పడవెక్కుతాను."

తిరుగు దారిలో నేను పడవ చివర కూర్చున్నాను. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు, సోమరితనం వద్దు అని మాకు పెద్దలు చెప్పిన మూడు మాటలున్నాయి. ఇరవై నిమిషాలని నేను అబద్ధమాడలేదు. నిజంగానే నేను ఇరవై నిమిషాల్లో ఎక్కుతాను. కానీ కాగితం అబద్ధమాడింది. అది ఎవరి పాపం? దేవుణ్ణి అడిగాను.

నాలుగు రోజుల తర్వాత ఔరేలియో స్వయంగా మా ఇంటికి వచ్చాడు. మెట్లెక్కి వచ్చేసరికి మాట్లాడ్డానికి కాసేపు పట్టింది. వెనకాల నీలం క్యాపు పెట్టుకుని, భుజాన బస్తాతో సిల్వానో. నా భార్య అగ్రిపీనా నేలమగ్గం ముందు నుంచి లేవలేదు, ఆడవాళ్ళు పోగులు మధ్యలో వదలరు.

"గొడవెందుకు సెల్సో," అన్నాడు ఔరేలియో. "పొద్దుటి వేళ నాకు రాసివ్వు. మధ్యాహ్నం మీరు ఉంచుకోండి. నీ అల్లుణ్ణి మా గైడులందరికీ పెద్దను చేస్తా."

"అల్లుడు కాదింకా," అన్నాను.

"మరో మాట." బస్తా విప్పించాడు. మెషిను మీద అల్లిన టోపీలు, మా రంగులే, మా గీతలే. "మీరు నెలకి ఒకటి అల్లుతారు. ఇవి రోజుకి వంద. మీ సంఘం కొట్లో పెట్టి, మీ నంబరు చీటీ కుట్టి అమ్ముకోండి. ఎవరికి తెలుస్తుంది?"

మా సంఘం కొట్టులో ప్రతి టోపీకీ, ప్రతి నడుంపట్టీకీ చేసినవాళ్ళ నంబరు చీటీ ఉంటుంది. అగ్రిపీనా నేత కత్తి దింపి పోగుల్ని గట్టిగా కొట్టింది.

"ఎవరి నంబరు కుట్టమంటారు దొన్ ఔరేలియో? మెషిను మా ఊరి సభకొస్తుందా? వంతు మోస్తుందా?"

మా అత్త ఒక టోపీ తీసుకుంది. అటూ ఇటూ సాగదీసింది. వెలుతురుకి పెట్టి, సందుల్లోంచి ఔరేలియో మొహం చూసింది. "ఒకటి ఉంచు నాయనా. కోడి గుడ్లు వేసుకుంటాను. గాలి బాగా తగులుతుంది."

ఔరేలియో నా వైపు తిరిగాడు. "సంతకం పెడతావా, పెట్టవా?"

"నాదైతే పెట్టేవాణ్ణేమో," అన్నాను. ఆ మాటకి ముందు నేనేం ఆలోచించలేదు. "ఆ వేళ నాది కాదు. వంతు మాత్రమే నాది."

"సరే." లేచి టోపీల బస్తా కాలితో సిల్వానో వైపు తోశాడు. "నువ్వు విను. మళ్ళీ వీళ్ళకి కాగితాలు రాశావని తెలిస్తే సోమవారం నా పడవ ఎక్కకు."

సిల్వానో బస్తా భుజానికెత్తుకుని అతని వెనకే దిగిపోయాడు. దెల్ఫీనా తలుపు దగ్గర నిలబడి చూసింది. నేను అన్నాను, ఆ అబ్బాయి బతుకుతెరువు అది, తప్పు పట్టలేం అని.

"తప్పెవరు పట్టారు?" అంది అగ్రిపీనా. "అతను టోపీ విప్పుతున్నాడట. దెల్ఫీనాకి చెప్పాడు. చివరి కుట్టు దాకా విప్పి మళ్ళీ అల్లుతున్నాడట. నీ ప్లానూ కారింది కదా. నువ్వేం విప్పుతున్నావు?"

మర్నాడు పొద్దున్నే నేలతల్లికి మూడు కోకా ఆకులు ఊది పెట్టి, రేవుకి దిగాను. వెంట మా అత్తను తీసుకెళ్ళాను.

"నీతోపాటే ఎక్కుతాను. నీ అడుగే నా అడుగు," అన్నాను.

"ఇరవై ఏళ్ళుగా ముందు పరిగెత్తి పైన నిలబడి 'ఇంకా రాలేదా' అనేవాడివి. ఇవాళ ఏమొచ్చింది?"

నా దగ్గర గడియారం లేదు. సూదులున్నాయి. దారం మెడ చుట్టూ వేసుకుని అల్లుతూ ఆమె పక్కన నడిచాను. నేను ఒంటరిగా ఎక్కితే ఆ ఇరవై నిమిషాల్లో అల్లికలో రెండు వరసలు పడతాయి. ఆమెతో మొదటి రాతి కమాను దాకానే రెండు వరసలు అయ్యాయి. ఆమె కూర్చుంది, నేనూ కూర్చున్నాను. ఆమె వడికింది, నేను అల్లాను. ఒకటిన్నర వరసకి రెండో మలుపు. అక్కడ మళ్ళీ కూర్చుంది. సరస్సు మీద ఎండ పడి రేకులా మెరుస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఇక్కడ కూర్చుంటోందనీ, ఈ రాయి ఆమె కూర్చుని కూర్చుని నున్నబడిందనీ నాకు తెలియదు. చౌకులో అడుగుపెట్టేసరికి ఎనిమిది వరసలు. ఎనభై ఏళ్ళ మా అత్త ఇరవై నిమిషాల్లో ఎక్కుతుందని నేను ఊరందరి తరఫునా రాయించాను.

"ఎనిమిది," అని అగ్రిపీనాకి చెప్పాను. "ఎనిమిది వరసలు ఎక్కడానికే పోతే ఇంక చూపించేదెప్పుడు? తినేదెప్పుడు?"

"పైకి తెచ్చే చూపించాలని ఎవరన్నారు? వాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడే చూపించండి. కమాను దగ్గర వడకడం. మలుపు దగ్గర మగాళ్ళ అల్లిక. అమ్మ కూర్చునే రాయి దగ్గర నా మగ్గం వేస్తాను. ఊపిరి కోసం కూర్చున్నామని వాళ్ళకి అనిపించకూడదు. చూడ్డానికి కూర్చున్నామనిపించాలి."

సోమవారం పొద్దున్న నేను రేవు మెట్ల మీద మగ్గం గుంజలకి చోటు చూస్తున్నాను. సిల్వానో వచ్చి రెండు మెట్లు కింద కూర్చున్నాడు. ఆ వేళకి అతను పూనోలో, ఔరేలియో పడవ మీద ఉండాలి. తలమీది నీలం క్యాపు తీసి తిరగేసి పక్కన పెట్టాడు, అందులో దారపు ఉండ వేశాడు. నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగిన అల్లిక జేబులోంచి తీశాడు. కాసేపు ఇద్దరం పని చేసుకున్నాం.

"ఎన్ని వరసలయ్యా?" అన్నాడు చివరికి.

"ఎనిమిది. ఆగడాలతో కలిపి."

"మీ వరసా, నా వరసా?"

"నాది. నీది ఇంకా నెమ్మది."

అతను కాగితం తీసి తొడమీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒక పక్క నిమిషాలు, ఇంకో పక్క వరసలు.

పండగ ఇంకా ఐదు రోజులుందనగా, చలికి రేవు చెక్కలు తెల్లబడ్డ పొద్దున, మేం పూనోలో గుంజ దగ్గరికి వెళ్తే ముందురోజు కట్టిన మా పడవ అక్కడ లేదు. ఔరేలియో పెద్ద పడవ అడ్డంగా కట్టి ఉంది. మాది దాని అవతల, నీళ్ళలోకి నెట్టేసి ఉంది. గట్టు మీద ఇరవై రెండు మంది యాత్రికులు చేతులు రుద్దుకుంటున్నారు. అధికారి మెడకి మఫ్లరు చుట్టుకుని గడియారం చూస్తున్నాడు. టైము ఏడూ ఇరవై.

"ఇంజను చెడింది," అన్నాడు ఔరేలియో, గట్టు మీద నిలబడి. "బాగయ్యాక తీస్తాం. తొందరేముంది?"

మా అత్త ముందురోజు సంతలో ఊలు అమ్మడానికొచ్చి మాతోపాటు తిరిగి వెళ్తోంది. మూట వీపున బిగించుకుంది. నన్ను పక్కకి తోసి, ఔరేలియో పడవ అంచు మీద కాలు పెట్టింది.

"ఏయ్ అవ్వా, అది మీ పడవ కాదు," అన్నాడు అందులోని సరంగు.

"తెలుసు నాయనా. చెడిపోయిన పడవ. చెడిపోయిన పడవ వంతెనతో సమానం. చెయ్యందుకో, జారితే నీకే పాపం."

ఎనభై ఏళ్ళ మనిషి చెయ్యి చాపితే ఎవడు కాదంటాడు? సరంగు చెయ్యందించాడు. ఆమె ఆ పడవను అడ్డంగా దాటి అవతలి అంచు ఎక్కి, మా పడవలోకి దిగి కూర్చుంది. సిల్వానో యాత్రికుల వైపు తిరిగి, వాళ్ళకి తెలిసిన భాషలో ఏదో చెప్పాడు. అందరూ నవ్వారు. ఒకరి వెనక ఒకరు ఔరేలియో పడవ మీదుగా నడిచారు. సరంగు అందరికీ చెయ్యందిస్తూనే ఉన్నాడు. ఆఖర్న అధికారి దాటాడు. ఔరేలియో ముందు ఒక్క క్షణం ఆగి, "ఇంజను రేపటికి బాగవ్వాలి," అన్నాడు. మూడు కోకా ఆకులు సరస్సులో వదిలి, తాడు నేనే విప్పాను. ఏడున్నర దాటి రెండు నిమిషాలు.

అధికారి సముద్రతీరం మనిషి, బరువైన మనిషి. కమాను దగ్గరికే అతని మొహం ఎర్రదుంపలా మారింది. వడుకుతున్న ఆడవాళ్ళ మధ్య కూలబడ్డాడు. ఒకామె వేడి మూన్యా కషాయం చేతిలో పెట్టి, కదురు ఎలా తిప్పాలో చూపించింది. అతను గడియారం చూడబోతే, "రెండు వరసలే అయ్యాయి సార్. సరిగ్గానే ఉన్నారు," అన్నాడు సిల్వానో, అల్లుతూనే. మలుపు దగ్గర ఐదుగురు మగవాళ్ళు. యాత్రికులు తమకే తెలియకుండా ఊపిరి తీసుకున్నారు. నున్నబడిన రాయి మీద మా అత్త అధికారికి చోటిచ్చి పక్కకి జరిగింది. అగ్రిపీనా మగ్గం మీద నడుంపట్టీ నేస్తోంది. పట్టీ మీద కొత్త బొమ్మ ఉంది. పడవ, దాని పక్కన మెట్లు, మెట్ల మీద కూర్చున్న ముసలమ్మ.

"అది నేనే," అని అధికారికి చెప్పింది మా అత్త. "ముక్కు సరిగా రాలేదు."

చౌకులోకి అడుగుపెట్టేసరికి నా సూదుల మీద ఎనిమిదో వరసలో ఇంకో పన్నెండు కుట్లు మిగిలాయి. చేపలు పొగలు కక్కుతున్నాయి. అందరూ తిన్నారు. గాలి లేచేలోపు దిగాం, నాలుగూ యాభైకి పూనో గుంజ దగ్గర తాడు కట్టాం. ఔరేలియో పడవ అక్కడ లేదు.

అధికారి బల్ల మీద కాగితం పరిచి చాలాసేపు చూశాడు. "ఈ పక్కన వరసలేమిటి?"

"మా నిమిషాలండీ," అన్నాను.

కొట్టేస్తాడనుకున్నాను. ముద్ర వేసి, కింద సంతకం పెట్టి, బల్ల మీదుగా నా వైపు జరిపాడు. "వచ్చే ఏడాది ఫారం మళ్ళీ మారొచ్చు," అన్నాడు.

"మారనివ్వండి. మళ్ళీ అల్లుతాం."

పండగ రోజు సంతియాగో స్వామిని ఊరేగించి గుళ్ళో దింపాక, సిల్వానో మా వాకిట్లోకి వచ్చాడు. ఔరేలియో దగ్గర పని పోయాక అతనికి వేరే పని దొరకలేదు. మా పడవలోనే, మా అందరిలాగే వంతు మీద చేస్తున్నాడు. టోపీ రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు. కిందటిసారి దానికన్నా చిన్నగా, బరువుగా ఉంది. చెక్కలా ఉంది.

తిరగేసి పట్టుకున్నాను. అగ్రిపీనా సరస్సు నీళ్ళు కుండతో పోసింది. అంచు దాకా నిండాయి. అడుగున చెమ్మ కూడా రాలేదు. ఎంతసేపు పట్టుకోవాలో ఆచారం చెప్పదు. నేను పట్టుకునే ఉన్నాను. దెల్ఫీనా ఈసారి గోడవైపు తిరగలేదు.

"ఒక్కమాట చెప్పు," అన్నాను. "అప్పుడు నలుగురిలో నీళ్ళు కారినప్పుడు నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది అయ్యా. చాలా వచ్చింది. ఆ కోపంతోనే బిగించాను."

ఒక గుక్క నేలతల్లికి వంచి, మిగిలిన నీళ్ళు ఆ టోపీలోంచే తాగాను. ఊలు వాసన, సరస్సు వాసన.

"ఇంకా అయ్యా ఏమిటి," అంది మా అత్త, కదురు ఆపకుండా. "మామా అనరా. ఆయన గడ్డం నుంచి కారుతోంది చూడు, టోపీది కాదు తప్పు."